పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: కోచ్ వెళ్ళిపోతే జట్టు ఎవరిది?

అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయం తన మహిళా బాస్కెట్‌బాల్ కోచ్ డాన్ స్టేలీకి ఏడాదికి 40 లక్షల డాలర్లతో మొదలయ్యే ఒప్పందం ఇచ్చిందని గత సంచికలో ఒక చిన్న వార్త ప్రచురించాము. దాని మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకొని, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఒక కళాశాల తన ఆటల కోచ్‌కు అంత డబ్బు ఎందుకు ఇస్తుంది? మా కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ గారు బంతులు కొనడానికే ప్రిన్సిపాల్ గారి చుట్టూ తిరగవలసి వస్తోంది. – డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: డాలరుకు 85 రూపాయల చొప్పున వేసుకుంటే స్టేలీ గారి మొదటి ఏడాది జీతం సుమారు 34 కోట్ల రూపాయలు అవుతుంది. 2025 జనవరిలో కుదిరిన ఈ ఒప్పందం 2029-30 సీజను వరకు ఉంటుంది. అంతకుముందు 2023లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ తన కోచ్ కిమ్ మల్కీకి పదేళ్ళకు కలిపి 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం రాసి ఇచ్చింది. అయితే వీరిద్దరూ అందరికంటే పైమెట్టు మీద ఉన్నవారని మరువకూడదు. డివిజన్ వన్ అనే మొదటి శ్రేణిలో 350కి పైగా మహిళా జట్లు ఉన్నాయి. వాటిలో చాలా జట్ల కోచ్‌ల జీతాలు ఈ అంకెల దరిదాపుల్లోకి కూడా రావు.

ఈ స్థితి మొదటినుంచీ ఉన్నది కాదు. 1974లో ప్యాట్ సమ్మిట్ అనే 22 ఏళ్ళ అమ్మాయి టెనెసీ విశ్వవిద్యాలయంలో మహిళా జట్టు కోచ్‌గా చేరినప్పుడు ఆమెకు నెలకు 250 డాలర్లు ఇచ్చారు. జట్టును ఊళ్ళకు తీసుకుపోయే వ్యాను ఆవిడే నడిపేవారు, క్రీడాకారిణుల జెర్సీలు ఆవిడే ఉతికేవారు. 38 ఏళ్ళలో 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్ళు సాధించిన ఆ సమ్మిట్ గారే 2006లో ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన తొలి మహిళా జట్టు కోచ్ అయ్యారు. మీ ఫిజికల్ డైరెక్టర్ గారి అవస్థ అమెరికాలో కూడా ఒక తరం వెనుక ఉన్నదే.

మధ్యలో రెండు మార్పులు జరిగాయి. చదువులోనూ ఆటలోనూ ఆడపిల్లల పట్ల వివక్ష చూపే కళాశాలకు కేంద్ర నిధులు ఆపవచ్చునన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చింది. ఆ తరువాత టెలివిజన్ వచ్చి చేరింది. 2024 జాతీయ టోర్నమెంటు ఫైనల్లో సౌత్ కరొలైనా, అయోవా జట్ల పోటీని సగటున ఒక కోటీ 89 లక్షల మంది చూశారు. అదే ఏడాది పురుషుల ఫైనల్ చూసినవారు ఒక కోటీ 48 లక్షల మంది. ఆడపిల్లల ఆటను ఎవరు చూస్తారని అడిగేవారి నోరు ఆ రాత్రితో మూతపడి ఉండాలి. ఇప్పటికీ అడిగేవారు అడుగుతూనే ఉన్నారనుకోండి.

ఇక మీరు అడిగిన 'ఎందుకు' అన్నదానికి వద్దాము. టికెట్లు, టెలివిజన్ హక్కులు, పూర్వ విద్యార్థుల విరాళాలు, బూట్ల కంపెనీల ఒప్పందాలు అన్నీ కలిసి పెద్ద కళాశాలల క్రీడా విభాగాలకు కోట్లు తెచ్చిపెడతాయి. కానీ ఆడే విద్యార్థికి చదువు, భోజనం, వసతి వంటి ఖర్చులు మించి ప్రతిఫలం ఇవ్వకూడదన్నది 2021 దాకా ఎన్‌సీఏఏ అనే జాతీయ కళాశాల క్రీడా సంఘం నియమం. డబ్బు వస్తోంది, ఆడేవారికి ఇవ్వడానికి వీల్లేదు, గెలవాలంటే మంచి ఆటగాళ్ళు రావాలి, వారిని రప్పించేది కోచ్. అందువల్ల ఆ డబ్బు కోచ్ జీతంలోకి, హంగులున్న వ్యాయామశాలల్లోకి, ప్రత్యేక విమానాల్లోకి పారింది. మా దృష్టిలో కోచ్‌ల జీతాలు అంత ఎత్తుకు పోవడానికి వారి ప్రతిభ సగం కారణమైతే, ఆటగాళ్ళకు చెల్లింపు లేకపోవడం మిగతా సగం. ఇంకో మాట: మహిళా బాస్కెట్‌బాల్ జట్లలో అధిక భాగం ఇప్పటికీ నష్టాల మీదనే నడుస్తున్నాయి. వాటిని పోషిస్తున్నది ప్రధానంగా అమెరికన్ ఫుట్‌బాల్ ఆదాయం. ఈ సంగతి మూడవ ప్రశ్నలో మళ్ళీ అవసరపడుతుంది.

ప్రశ్న: నేను వ్యాయామోపాధ్యాయుడిని. ఒక అమ్మాయి కోచ్‌ను నమ్మి కళాశాలలో చేరితే, ఆ కోచ్ మరుసటి ఏడాదే ఎక్కువ జీతానికి వేరే చోటికి పోతే ఆ పిల్ల గతి ఏమిటి? – బొబ్బిలి

జవాబు: మాస్టారూ, వచ్చిన ఉత్తరాలన్నిటిలో విషయం మూలానికి వెళ్ళినది మీదే.

సీజను మార్చిలో ముగుస్తూ ఉండగానే కోచ్‌ల మార్పులు మొదలవుతాయి, మన ఉపాధ్యాయుల బదిలీల కాలం లాగానే. తేడా ఏమిటంటే అక్కడ పాయింట్ల పట్టిక, కౌన్సెలింగు ఉండవు, బేరం మాత్రమే ఉంటుంది. కోచ్ ఒప్పందంలో సాధారణంగా రెండు రకాల పరిహారం రాసి ఉంటుంది. గడువుకు ముందే కళాశాల తీసివేస్తే మిగిలిన కాలపు జీతంలో ఒప్పుకొన్న భాగాన్ని కళాశాల చెల్లించాలి. గడువుకు ముందే కోచ్ వెళ్ళిపోతే కోచ్ చెల్లించాలి. ఈ రెండవ సొమ్మును తరచుగా పిలుచుకొన్న కొత్త కళాశాలే కడుతుంది. అంటే కోచ్ కదలడానికి దారి ఒప్పందంలోనే వేసి ఉంటుంది.

క్రీడాకారిణికి చాలాకాలం అటువంటి దారి లేదు. ఆమె సంతకం పెట్టే అంగీకారపత్రం కళాశాలకు కట్టుబడేదే తప్ప కోచ్‌కు కట్టుబడేది కాదు. కోచ్ వెళ్ళిపోయాడని ఆమె కూడా వెళ్తే, కొత్త కళాశాలలో ఒక ఏడాది ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. పద్దెనిమిదేళ్ళ పిల్లను కట్టిపడేసి, యాభై ఏళ్ళ కోచ్‌ను వదిలేసిన ఆ నియమం న్యాయమని మేము ఎప్పుడూ అనుకోలేదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో ఒకసారి మారితే ఆ ఏడాది కూర్చోనవసరం లేదన్నారు. 2024లో చదువు సరిగా సాగుతున్నంతవరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చునన్నారు. ఆ పాత అంగీకారపత్రం పద్ధతిని కూడా 2024 అక్టోబరులో ఎత్తివేశారు.

పోర్టల్ అంటే చాలామంది ఏదో వేలంపాట అనుకుంటున్నారు కనుక అది పనిచేసే తీరు చెబుతాము. మారదలచిన అమ్మాయి తన కళాశాలలోనే నిబంధనల అమలు చూసే అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేస్తుంది. ఆ అధికారి రెండు పనిదినాల్లోగా ఆమె పేరును పోర్టల్‌లో నమోదు చేసి తీరాలి. కోచ్ అనుమతి అక్కరలేదు. పేరు ఎక్కిన క్షణం నుంచి ఇతర కళాశాలల కోచ్‌లు ఆమెతో మాట్లాడవచ్చు. కానీ అదే క్షణం నుంచి ఆమె పాత కళాశాల ఆ టర్ము చివర ఉపకారవేతనాన్ని ఆపివేయవచ్చు, ఆమె స్థానాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. కోచ్ మారిన జట్టులోని పిల్లలకు మాత్రం మామూలు గడువుతో సంబంధం లేకుండా ప్రత్యేకంగా కొన్ని రోజుల అవకాశం ఉంటుంది. మీరు అడిగిన ఆపదకు వారు కనిపెట్టిన మందు ఇదే.

మందు పనిచేసిన తీరుకు రెండు ఉదాహరణలు చెబుతాము. వర్జీనియా టెక్ జట్టును 2023లో చివరి నాలుగింటిలోకి చేర్చిన కోచ్ కెనీ బ్రూక్స్ 2024 మార్చిలో కెంటకీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఆయన దగ్గర ఆడుతున్న జార్జియా అమూర్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి కూడా కెంటకీకే మారి, అక్కడ ఒక సీజను ఆడి, 2025లో వృత్తి జట్లు వంతులవారీగా కొత్తవారిని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆరవ స్థానంలో ఎంపికయింది. మారినందుకు ఆమె ఒక ఏడాది బెంచీ మీద కూర్చోవలసిన అవసరం రాలేదు.

రెండవది స్టాన్‌ఫర్డ్. 38 సీజన్లు అక్కడ కోచ్‌గా పనిచేసి, మొత్తం 1,216 విజయాలతో అప్పటికి అందరికంటే పైన నిలిచిన టారా వాన్‌డెర్వీర్ 2024 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశారు. ఆవిడ స్థానంలోకి వచ్చినది బయటివారు కారు. ఆమె శిష్యురాలు, సహాయ కోచ్ కేట్ పేయ్. అంత సజావుగా అధికారం చేతులు మారినచోట కూడా ముఖ్య క్రీడాకారిణి కీకీ ఇరియాఫెన్ పోర్టల్ ద్వారా సదరన్ కాలిఫోర్నియాకు మారింది. 1987 తరువాత మొదటిసారిగా 2025లో స్టాన్‌ఫర్డ్ జాతీయ టోర్నమెంటులో చోటు సంపాదించలేకపోయింది. ఆ జట్టు పతనానికి కారణం ఒక్క కోచ్ మార్పే అని మేము అనడం లేదు. అయినా కోచ్ పోతే కుర్చీ ఒక్కటే ఖాళీ కాదని స్టాన్‌ఫర్డ్ చూపించింది.

కనుక మాస్టారూ, మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: ఇప్పుడు ఆ పిల్ల కోచ్ వెంట వెళ్ళవచ్చు, వేరే చోటికి వెళ్ళవచ్చు, ఉండిపోవచ్చు. చిక్కల్లా బాగా ఆడే ముగ్గురు నలుగురు వెళ్ళగలిగినంత సులువుగా బెంచీ మీది పదిమంది వెళ్ళలేరు. కొత్తగా వచ్చిన కోచ్ తన పిల్లలను తాను తెచ్చుకుంటే వీరికి ఇక్కడా చోటు తగ్గుతుంది, అక్కడా పిలుపు రాదు. ఈ పదిమంది గురించి పత్రికలు రాయవు.

ప్రశ్న: క్రీడాకారిణులకు డబ్బు ఇచ్చి చేర్చుకుంటున్నారని చదివాను. అది లంచమా, జీతమా? ఎవరి డబ్బు? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నరసన్నపేట

జవాబు: బ్యాంకులో పనిచేసినవారు కనుక పద్దుల వారీగానే చెబుతాము. మూడు పద్దులున్నాయి.

మొదటిది బయటి సొమ్ము. 2021 జూలై 1 నుంచి విద్యార్థి తన పేరు, బొమ్మ, గుర్తింపులను ప్రకటనలకు వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. దీనినే ఎన్ఐఎల్ అంటున్నారు. అయోవాలో చదువుతూనే పేరున్న క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ బూట్ల కంపెనీకీ బీమా కంపెనీకీ ప్రకటనల్లో కనిపించినది ఈ వెసులుబాటు వల్లనే. ఇది న్యాయమైన సంపాదన. అయితే దీని నీడలోనే కళాశాల అభిమానులు, ధనవంతులైన పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేసి 'కలెక్టివ్' అనే సంఘాలు పెట్టారు. పేరుకు ప్రకటన ఒప్పందం, నిజానికి ఫలానా కళాశాలలో చేరితే ఇంత అనే బేరం. లంచమా అని మీరు అడిగినది ఈ భాగానికి చాలావరకు వర్తిస్తుంది. ఇప్పుడు 600 డాలర్లు మించిన ప్రతి బయటి ఒప్పందాన్నీ ఒక పరిశీలన సంస్థకు చూపించాలని నియమం పెట్టారు. ప్రకటన విలువకు తగిన ధరేనా, కాదా అని అక్కడ చూస్తారు.

రెండవది కళాశాల తన ఖజానా నుంచి నేరుగా ఇచ్చే వాటా. క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన, హౌస్ కేసుగా పేరుపడ్డ దావాలో రాజీ ఒప్పందాన్ని న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ 2025 జూన్ 6న ఆమోదించారు. ఆ జూలై 1 నుంచి ఒప్పందంలో చేరిన ప్రతి కళాశాల తన క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాదిలో గరిష్ఠంగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు పంచవచ్చునన్నారు. గతంలో ఇవ్వకుండా ఉంచినందుకు ఎన్‌సీఏఏ వైపు నుంచి పాత క్రీడాకారులకు పదేళ్ళలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి.

ఇక్కడ మీరు కళ్ళద్దాలు తుడుచుకొని చూడవలసిన అంకె ఒకటి ఉంది. పెద్ద కళాశాలల విషయంలో ఆ పాత బకాయిల పంపకానికి వాడిన సూత్రం ప్రకారం ఫుట్‌బాల్‌కు 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కు 15, మహిళల బాస్కెట్‌బాల్‌కు 5, మిగిలిన ఆటలన్నిటికీ కలిపి 5. కొత్త వాటాలకు కూడా చాలా కళాశాలలు ఇంచుమించు ఇదే కొలతను తీసుకున్నాయి. అలా చూస్తే 15 మంది ఉన్న మహిళా జట్టు మొత్తానికి ఏడాదికి సుమారు 10 లక్షల డాలర్లు దక్కుతాయి. ఒకే కళాశాలలో కోచ్ జీతం 40 లక్షలు, జట్టు మొత్తం వాటా 10 లక్షలు కాగల పరిస్థితి ఇది. ఆదాయం తెచ్చే ఆటకే ఎక్కువ వాటా అన్నది ఒక వాదన. మొదటి జవాబులో చెప్పినట్టు ఫుట్‌బాల్ డబ్బే మిగతా ఆటలను పోషిస్తున్నది కనుక ఆ వాదనను కొట్టిపారేయలేము. కానీ టైటిల్ నైన్ కింద ఉపకారవేతనాలను ఆడ, మగ క్రీడాకారుల సంఖ్యకు తగిన పాళ్ళలో ఇవ్వాలన్న నియమం ఉన్నప్పుడు, ఈ వాటాలకు ఆ నియమం ఎందుకు వర్తించదన్నది ఎదురు వాదన. వర్తిస్తుందని 2025 జనవరిలో అమెరికా విద్యాశాఖ చెప్పింది. ప్రభుత్వం మారగానే ఫిబ్రవరిలో ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. పాత బకాయిల పంపకం మీద కొందరు క్రీడాకారిణులు అప్పీలు చేశారు. మా మొగ్గు ఆ అమ్మాయిల వైపే.

ఎందుకంటే మూడవ పద్దు చరిత్ర చూడండి. జాతీయ టోర్నమెంటులో ఫైనల్ మినహా పురుషుల జట్టు ఆడే ప్రతి ఆటకూ దాని సమాఖ్యకు, అంటే ఆ కళాశాల ఉన్న కూటమికి, 'యూనిట్' పేరిట డబ్బు జమ అవుతుంది. ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంటు 1982 నుంచి జరుగుతున్నా, వారికి ఆ పద్దే తెరవలేదు. 2021లో ఇండియానాపొలిస్‌లో మగపిల్లలకు పెద్ద వ్యాయామశాల ఏర్పాటు చేసినవారే శాన్ ఆంటోనియోలో ఆడపిల్లలకు ఒక డంబెల్స్ అర పెట్టి ఊరుకున్నారు. ఒరెగాన్ క్రీడాకారిణి ఒకరు దానిని సెల్‌ఫోనులో తీసి లోకానికి చూపించాకగానీ విచారణ జరగలేదు. మహిళల టోర్నమెంటు ప్రసార హక్కులే 2025 నాటికి ఏడాదికి 8 కోట్ల 10 లక్షల నుంచి 11 కోట్ల 20 లక్షల డాలర్లు పలుకుతాయని ఆ విచారణ నివేదిక లెక్కకట్టింది. చివరికి 2025 జనవరిలో మహిళలకూ యూనిట్లు ఇవ్వడానికి ఓటు వేశారు. మొదటి ఏడాదికి ఒక కోటీ 50 లక్షల డాలర్లు. కనెటికట్ విశ్వవిద్యాలయం కోచ్ జీనో ఆరియెమా ఆధ్వర్యంలో 11 టైటిళ్ళు గెలిచినంతకాలం ఆ పద్దులో ఒక్క డాలరు రాలేదు. 2025 ఏప్రిల్‌లో పన్నెండవది గెలిచిన టోర్నమెంటుతోనే ఆ లెక్క మొదలయింది. ఆదాయం తేలేదు కనుక వాటా లేదంటారు, ఆదాయం లెక్కపెట్టే పద్దునే నలభై ఏళ్ళకు పైగా తెరవలేదు.

ప్రశ్న: ఇన్ని కళాశాలలు మారితే చదువు ఏమవుతుంది? – చీపురుపల్లి

జవాబు: దెబ్బతింటుంది. ఒక కళాశాలలో పూర్తిచేసిన సబ్జెక్టులన్నిటినీ ఇంకో కళాశాల లెక్కలోకి తీసుకోదు. హేలీ వాన్ లిత్ లూయీవిల్, లూసియానా స్టేట్, టెక్సస్ క్రిస్టియన్ అనే మూడు విశ్వవిద్యాలయాల తరఫున ఆడి నెగ్గుకువచ్చింది. ఆమెకున్న ఆట అందరికీ ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. పొడగరి, బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంది. అమెరికా కళాశాలలో ఉచిత సీటు ఇప్పిస్తానని, సీటు వచ్చాక దాని విలువలో పదో వంతు ఇమ్మని ఒకరు అడుగుతున్నారు. నమ్మవచ్చా? – ఒక తల్లి, రాజాం

జవాబు: అమ్మా, వద్దు. ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం క్రీడాకారిణి వివరాలను కళాశాలలకు పంపిపెట్టే సేవకు రుసుము తీసుకోవచ్చు. కానీ సీటు లేదా ఉపకారవేతనం ఇప్పించినందుకు, దాని విలువ మీద వాటాగా డబ్బు తీసుకునే ఏర్పాటులో చేరిన విద్యార్థిని ఆడే అర్హతకే ముప్పు వస్తుంది. అంటే ఆయన అడిగిన పద్ధతిలో డబ్బు ఇస్తే, మీరు డబ్బూ పోగొట్టుకుంటారు, పిల్ల అర్హతనూ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. సీటు ఇస్తానన్న కళాశాల పేరు, కోచ్ పేరు ఆయన చెప్పగలిగితే ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఆ కోచ్ మెయిలు చిరునామా ఉంటుంది. నేరుగా రాసి అడగండి. నిజమైన కోచ్ ఒకరి ద్వారా డబ్బు మాట్లాడడు.

దారి అసలే లేదని కాదు. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయంలో, పంజాబుకు చెందిన హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియేగో విశ్వవిద్యాలయంలో డివిజన్ వన్ జట్లలో చేరారు. ఇద్దరూ ముందుగా జాతీయ స్థాయి శిక్షణ శిబిరాల్లో నలిగి, ఆ తరువాత వెళ్ళినవారే. మీరు ఇప్పుడు చూడవలసినది మార్కులు. డివిజన్ వన్‌కు ఉన్నత పాఠశాల స్థాయిలో 16 ముఖ్య సబ్జెక్టుల కోర్సులు, వాటిలో కనీస సగటు తప్పనిసరి. ఈ లెక్క తొమ్మిదవ తరగతి నుంచే మొదలవుతుంది కనుక ఆట కోసం బడి మానిపించకండి, ఏటా మార్కుల జాబితాలు భద్రపరచండి. డివిజన్ త్రీ కళాశాలల్లో ఆటకు ఉపకారవేతనం ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. అక్కడ ఉచిత సీటు ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు.

ఇంకొకటి: పైన రాసిన లక్షల డాలర్ల కథ మన పిల్లలకు నేరుగా వర్తించదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్ళినవారికి బయట పనిచేసి సంపాదించడం మీద గట్టి ఆంక్షలున్నాయి. ప్రకటనల ఒప్పందాలు, కళాశాల ఇచ్చే వాటా ఆ వీసాకు ఎంతవరకు సరిపడతాయన్న దాని మీద స్పష్టత లేక కళాశాలలే జంకుతున్నాయి. ఉపకారవేతనానికి అడ్డు లేదు. కోచ్ ఎవరైనా ముందుకొచ్చినప్పుడు, ఆవిడ ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుంది, ఆవిడ వెళ్ళిపోతే మా అమ్మాయి ఉపకారవేతనం ఎంతకాలం నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కరలేదు. అక్కడి తల్లిదండ్రులు అడిగేది మొదట అదే.

ప్రశ్న: మహిళా జట్లకు ఇంత డబ్బు వచ్చాక మహిళా కోచ్‌లు పెరిగి ఉండాలి కదా? – ఎం.ఏ. విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: జరిగింది వేరు. 1972కు ముందు అమెరికా కళాశాలల్లో అన్ని ఆటలూ కలిపి మహిళా జట్లకు కోచ్‌లుగా ఉన్నవారిలో 90 శాతానికి పైగా మహిళలే, కారణం ఆ పనికి జీతం లేకపోవడమో నామమాత్రంగా ఉండడమో. చట్టం వచ్చి, పదవులకు జీతాలు, హోదాలు ఏర్పడగానే పురుషులు దరఖాస్తు పెట్టారు. నియమించే క్రీడా డైరెక్టర్లలోనూ పురుషులే ఎక్కువ. కొద్ది దశాబ్దాల్లోనే ఆ వంతు సగం కంటే కిందికి జారింది. బాస్కెట్‌బాల్ పరిస్థితి మిగతా ఆటలకంటే నయం. స్టేలీ, మల్కీ, అయోవాలో లీసా బ్లూడర్ తరువాత 2024లో పగ్గాలు తీసుకున్న జాన్ జెన్సెన్ అందుకు సాక్ష్యం. జెన్సెన్ గారు అంతకుముందు రెండు దశాబ్దాలకు పైగా బ్లూడర్ గారికి సహాయకురాలిగా పనిచేశారు. ఆ సహాయ కోచ్ పదవులను ఎవరికి ఇస్తున్నారో చూస్తే పదేళ్ళ తరువాత పెద్ద పదవుల్లో ఎవరుంటారో తెలుస్తుంది.

ప్రశ్న: మాకు కోచ్‌గా ఉన్న సారు కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయారు. ఎనిమిది మందిమి సాయంత్రం గ్రౌండుకు వస్తున్నాము, ఏం ఆడాలో తెలియడం లేదు. పోర్టల్ లాంటివి మాకు లేవు కదా? – ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: లేవమ్మా. అమెరికాలో కోచ్ మారితే పిల్లలు కళాశాల మారతారు. మన దగ్గర చాలాసార్లు ఆట మానేస్తారు. మొదట రింగుకు వల చినిగిపోతుంది, తరువాత బంతిలో గాలి పోతుంది, ఆపైన అమ్మాయిలను సాయంత్రం పూట పంపడానికి ఇంట్లో వాళ్ళకు ధైర్యం చాలదు. మన రెండు జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్ నిలబడి, బాస్కెట్‌బాల్ నిలబడకపోవడానికి ఇది ముఖ్య కారణమని మా అభిప్రాయం. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి మొదట బరువులెత్తినప్పుడు నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారు ఆ ప్రాంతం మనిషే. 2000లో సిడ్నీ కాంస్యం వరకు సాగిన దారికి మొదలు అక్కడుంది. మీ జిల్లాలోని కొండవెలగాడలో కూడా ఎత్తినవారే తరువాతివారికి నేర్పుతున్నారు. కాంట్రాక్టు ముగిసినా వారు ఊరు వదిలి పోయేవారు కారు.

మీరు చేయగలిగినవి చెబుతాము. ఎనిమిది మంది పేర్లు, తరగతులు రాసి, తల్లిదండ్రుల సంతకాలతో జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పినది ఎవరికీ గుర్తుండదు. కొత్త కోచ్ వచ్చేదాకా మీలో పెద్దమ్మాయి ఒకరు విజిలు పట్టుకోవాలి. లేఅప్‌లు రెండు చేతులతో, ఫ్రీత్రోలు, ముగ్గురితో ముగ్గురు హాఫ్ కోర్టు ఆట. ఎనిమిది మందికి ఇది చాలు, ఇద్దరు విశ్రాంతిలో ఉండి స్కోరు రాయవచ్చు. ఆటను ఒకరు సెల్‌ఫోనులో తీసి ఉంచండి. ఎంపికలకు వెళ్ళినప్పుడు, బయటి ఊరి కోచ్‌ను సలహా అడిగినప్పుడు అది పనికొస్తుంది. ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే ఏడాదికి 6 లక్షల 28 వేల రూపాయల వరకు సాయం ఉంది, అందులో నెలకు 10 వేలు చేతి ఖర్చుకు. జాతీయ స్థాయిలో మహిళల బాస్కెట్‌బాల్‌ను ఏళ్ళ తరబడి ఏలుతున్నది రైల్వే జట్టు, వారు క్రీడా కోటాలో ఉద్యోగాలిస్తారు. వీటన్నిటికీ అడిగేది టోర్నమెంటు ధ్రువపత్రాలే. వెళ్ళిపోయిన సారు దగ్గర మీ ధ్రువపత్రాల అసలు ప్రతులు ఏవైనా ఉండిపోయాయేమో ఈ వారంలోనే కనుక్కొని తెప్పించుకోండి.